నెత్తిమీది కొండలు

ఆ ఊళ్ళో రసమట్టంగారంటే తెలియనివాళ్ళు లేరు. అసలు పేరు ఆయన భార్యకైనా గుర్తుందో లేదో అనుమానమే. నలభై ఏళ్ళుగా ఫోటో స్టూడియో నడుపుతున్నాడు. ఆ నలభై ఏళ్ళలో ఆయన తీసిన ఒక్క ఫోటోలోనూ నేల వాలలేదు, గోడ ఒరగలేదు, చెరువు నీళ్ళు ఒక పక్కకి కారిపోలేదు. తాపీమేస్త్రీలు గోడ కట్టేటప్పుడు మట్టం చూసుకునే బుడగ గొట్టం ఉంటుందే, రసమట్టం, అది వేలెడంతది ఎప్పుడూ ఆయన చొక్కా జేబులో ఉంటుంది. ఎవరింటికైనా భోజనానికి వెళితే బల్లమీద దాన్ని పెట్టి చూసి, వాలుగా ఉంటే బల్లకాలి కింద మడత కాగితం పెట్టిగానీ ముద్ద ముట్టడని చెప్పుకుంటారు. చెప్పుకునేవాళ్ళు మామూలుగా కాస్త కలిపే చెబుతారు. ఈయన విషయంలో కలపాల్సిన పని పెద్దగా ఉండదు.

స్టూడియో లోపలి గది ఆయన మేనకోడలిది. ఊరు ఆమెకు పాస్‌పోర్టమ్మ అని పేరు పెట్టింది. పన్నెండేళ్ళుగా తెల్ల తెర ముందు స్టూలు మీద జనాన్ని కూర్చోబెట్టి, "గడ్డం కొంచెం దించండి, చెవులు కనబడాలి, నవ్వకండి" అంటూనే ఉంది. ఊళ్ళో నవ్వే మొహాలన్నీ మామయ్య కెమెరాకి, నవ్వని మొహాలన్నీ ఈమె కెమెరాకి. ముప్ఫైనాలుగేళ్ళు వచ్చాయి. చేతిలో పని ఉంది, కంటిలో పదును ఉంది, నోట్లో నాలుకా ఉంది. లేనిదల్లా బయటి పని. కొండలు, లోయలు, వంతెనలు, హోటళ్ళ గోడలకు పెట్టే పెద్ద బొమ్మలు, ఇవన్నీ మామయ్యవి. మోకాళ్ళు అరిగిపోయి స్టూడియో మెట్లెక్కడమే గగనమైపోయినా సరే, అవి మామయ్యవే. ఆమెకు కావలసింది సరిగ్గా అదే. ఈ సంగతి ఆమె ఏనాడూ దాచలేదు, ఆయన ఏనాడూ చెవిన పెట్టలేదు.

రెండేళ్ళ కిందట ఆమె ఒకరు వాడి వదిలేసిన ఫిష్‌ఐ లెన్సు కొనుక్కుంది. చేపకన్నులా ముందుకు ఉబ్బి ఉంటుంది గనక దానికా పేరు. మామూలు లెన్సు కిటికీలోంచి చూసినట్టు చూస్తే, ఇది తల తిప్పకుండానే ఇటు చెవి నుంచి అటు చెవి దాకా ఉన్నదంతా చూసేస్తుంది. కొన్న రోజే వంతెన మీద నిలబడి కొండల్ని తీసుకొచ్చింది. తెరమీద అది చూసి మామయ్య కుర్చీలోంచి లేచాడు. వంతెన విల్లులా వంగింది. కొండలు చీమల పుట్టలంత అయ్యాయి. అడుగున ఆమె బూట్లు మాత్రం ఏనుగు పాదాలంతేసి దర్జాగా వచ్చాయి.

"కొండను తవ్వి ఎలుకను పట్టినవాళ్ళని చూశాను గానీ, తవ్వకుండానే పట్టినదానివి నువ్వేనే," అన్నాడు.

ఆమెకు కోపం రాలేదు, ఎందుకంటే ఆయన అన్నది నిజం. కానీ లెన్సుని పెట్టెలో పెట్టెయ్యనూ లేదు. ఈ కన్ను దూరంగా ఉన్నదాన్ని చిన్నబుచ్చుతుంది, దగ్గరగా ఉన్నదాన్ని నెత్తినెక్కించుకుంటుంది. అలాంటప్పుడు కొండల్ని దూరం నుంచి చూడటం మానేసి వాటి ఒళ్ళోకే వెళ్ళాలి. దూరపు కొండలు నునుపు అంటారు, ఆ నునుపుతో ఈ లెన్సుకి పనిలేదు. అప్పటినుంచి ప్రతి సెలవురోజూ ఆమె కొండల్లోనే గడిపింది. నేలా ఆకాశం కలిసే అడ్డగీత సరిగ్గా నడిమధ్యన ఉంటే వంగదని, పైకి జరిపితే విల్లవుతుందని, కిందికి జరిపితే ఊయలవుతుందని తెలుసుకుంది. జరపకూడదని కాదు, ఎందుకు జరుపుతున్నామో తెలిసి జరపాలి. గాజు ఉబ్బు వల్ల దాని ముందు ఏ రంగు అద్దమూ పట్టదు, చినుకు పడితే మెత్తటి గుడ్డే దిక్కు. ఇలాంటివి ఏ పుస్తకమూ చూడకుండా కాళ్ళతో నేర్చుకుంది. రెండేళ్ళు గడిచేసరికి ఆ లెన్సుతో ఏం వస్తుందో, ఏం రాదో కెమెరా ఎత్తకముందే చెప్పగలిగేది.

అలాంటి రోజుల్లో ఊరి ఆస్పత్రి పెద్ద డాక్టరమ్మ స్టూడియోకి వచ్చింది. మెడకీ వెన్నుకీ దెబ్బలు తగిలినవాళ్ళ కోసం కొత్త వార్డు కట్టారట. వాళ్ళు వారాల తరబడి వెల్లకిలా పడుకునే ఉండాలి, మెడ అటూ ఇటూ కదపకూడదు. కిటికీలోంచి కొండలు కనిపిస్తాయిగానీ, కిటికీ వైపు తిరిగేదెవరు? అందుకని మంచాల పైన పన్నెండడుగుల గుండ్రటి చట్రం వేలాడదీసి, కొండల బొమ్మ అచ్చేసిన గుడ్డ దానికి బిగించాలని ఆవిడ ఆలోచన.

"దానికేం భాగ్యం," అన్నాడు మామయ్య. "వంతెన మీంచి తీసిన బారు బొమ్మ నా దగ్గర సిద్ధంగా ఉంది. గుండ్రంగా కత్తిరిస్తే సరి."

"పడుకున్నవాళ్ళకి నిలబడి తీసిన బొమ్మ ఎందుకు మామయ్యా?" అంది ఆమె లోపలి గది గుమ్మంలోంచి. "గోడని ఊడదీసి నెత్తిమీద పెట్టినట్టుంటుంది. డాక్టరుగారూ, నేను కొండల మధ్యకి వెళ్ళి కెమెరాని కూడా వెల్లకిలా పడుకోబెట్టి తీసుకొస్తాను. చుట్టూ కొండలు, నడుమ ఆకాశం. మీ వాళ్ళు తల తిప్పక్కర్లేదు, కళ్ళు తిప్పితే చాలు."

డాక్టరమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "పడుకోబెట్టే తీసుకురండి, చూద్దాం," అని వెళ్ళిపోయింది.

మామయ్య చాలాసేపు కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. ఆయనకి కోపం వస్తే కళ్ళద్దాలకి శుభ్రం ఎక్కువవుతుంది.

"గడపలో నిలబడి నా బేరానికి అడ్డం పడ్డావు."

"అడ్డం పడలేదు, మంచి మాట చెప్పాను."

"సరే, నువ్వే తియ్యి. డాక్టరమ్మ ఆ బొమ్మకి ఊ అందా, ఆ రోజునుంచి బయటి పనంతా నీది. కాదందా, ఇంకెప్పుడూ నా దగ్గర ఆ ఊసెత్తకు."

"ఎత్తను," అంది ఆమె వెంటనే. రసమట్టంగారి మాటకి వాలు ఉండదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

ఊరికి పైన నాలుగు గంటలు నడిస్తే చుట్టూ కొండలున్న పచ్చిక బయలొకటి వస్తుంది. అందరూ దాన్ని గిన్నె అంటారు. దానికి పడమట రెండు కొమ్ముల కొండ ఉంది, ఎడమ కొమ్ము పొడుగు, కుడి కొమ్ము పొట్టి. తూర్పున బోర్లించిన కుండలాంటి మంచుకొండ. మిగతావన్నీ ఆ రెంటికీ చుట్టాల్లా చేతులు కలుపుకుని నిలబడి ఉంటాయి. మధ్యాహ్నానికి ఆమె అక్కడికి చేరి, సమంగా ఉన్న రాయి చూసుకుని, కెమెరాని ఆకాశం వైపు పడుకోబెట్టింది.

ఈ కన్నుతో చిక్కేమిటంటే దానికి వెనక అనేది ఉండదు. నేలకి జానెడెత్తున ఏమున్నా వదలదు. మొదటి ఫోటోలో ఆమె సంచీ, చేతికర్ర, సగం తలకాయ వచ్చాయి. రెండోదాంట్లో కొండలు లేవు, ఆకాశం లేదు, ఒక మేక ముక్కు ఉంది, అంతే. మేకను బతిమాలీ బెదిరించీ సాగనంపేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. ఆ తరవాత సూర్యుడు. ఆకాశమంతా చూసే కన్ను నుంచి సూర్యుణ్ణి తప్పించడం ఎవరి తరమూ కాదు. కానీ పొద్దు కొమ్ముల కొండ వెనక్కి జారాక ఓ పది నిమిషాలు సూర్యుడు కనపడడు, ఎదుటి మంచుకొండ మీద ఎండ మాత్రం ఇంకా ఉంటుంది. ఆమెకు కావలసింది ఆ పది నిమిషాలే. అది ఏ వేళకి వస్తుందో రెండేళ్ళుగా చూస్తున్నదే గనక, రొట్టె తింటూ నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంది.

పొద్దు జారింది. టైమర్ నొక్కడం, పరుగెత్తి పక్కనున్న పల్లంలో బోర్లా పడుకోవడం, క్లిక్‌మన్నాక లేచి రావడం. ఇలా పందొమ్మిదిసార్లు పడి లేచింది. మోకాళ్ళ దగ్గర బట్టలు పచ్చబడ్డాయి. పందొమ్మిదోసారి తెరమీద చూసుకుంటే కొండలన్నీ ఆకాశం చుట్టూ తలలు కలిపి, కింద పడుకున్న మనిషిని పలకరించడానికి వంగినట్టున్నాయి. ఎక్కడా కర్ర లేదు, సంచీ లేదు, మేక లేదు. ఆమెకు పట్టరాని సంతోషం కలిగి, పక్కన మనిషన్నవాడు లేకపోయినా పైకే నవ్వేసింది.

మర్నాడు ఆ ఫోటోని శుభ్రం చేసి, కంప్యూటర్‌లో పెట్టి, ఆ మర్నాడు బడిపిల్లల గుర్తింపు కార్డుల పనికి వెళ్ళింది. రెండువందల మంది పిల్లలు, రెండువందల నవ్వకండిలు. అచ్చుకి పంపేముందు ఒకసారి చూద్దామని మామయ్య ఆ ఫోటో తెరిచాడు.

ఇక్కడే రసమట్టంగారు పప్పులో కాలేశాడు. కొండలు తలకిందులుగా, అడ్డంగా, ఏటవాలుగా ఉంటే ఏది ఏదో తేల్చుకోవడానికి ఆ ప్రాంతం పటం తెచ్చి పక్కన పరిచాడు. పటానికి పైవైపు ఉత్తరం, ఫోటోకీ పైవైపు ఉత్తరమే. పటంలో కొమ్ముల కొండ ఎడమపక్కన ఉంది. ఫోటోలో కుడిపక్కన ఉంది. మంచుకొండ అటుది ఇటు. అద్దంలో చూసినట్టు మొత్తం తిరగబడిపోయింది! పిల్ల అలిసిపోయి ఏదో మీట నొక్కేసి ఉంటుంది అనుకున్నాడు. ఇంత పొరపాటు ఆస్పత్రి దాకా వెళితే పరువేం కావాలి? ఒక్క నొక్కుతో ఎడమని కుడి చేసి, కుడిని ఎడమ చేసి, అచ్చుకి పంపేశాడు. ఆమెకి చెప్పలేదు. చెబితే చిన్నబుచ్చుకుంటుందని. ఆయన ప్రేమలన్నీ అలాగే ఉంటాయి, ఎవరూ అడక్కుండానే సరిచేస్తాయి.

గుడ్డ బిగించే రోజున అందరూ వార్డులో చేరారు. నాలుగు మంచాలు, వాటిలో ఒకదాంట్లోనే మనిషి. కొండదారుల్లో రాతిమెట్లు వేసే బాటల మేస్త్రీ అతను. మూడు వారాల కిందట కొండమీద కాలు జారి పడ్డాడు. తల చుట్టూ ఇనప కడ్డీల చట్రం బిగించి ఉంది. పైకప్పు పలకలు నలభై రెండు ఉన్నాయని, వాటిలో మూడిటికి బీట ఉందని వచ్చినవాళ్ళందరికీ చెబుతున్నాడు. పనివాళ్ళు నిచ్చెనలెక్కి గుడ్డని చట్రానికి లాగి బిగించారు. ఉత్తరం ఇటు రావాలని ఆమె ముందే గీసి ఇచ్చిన గుర్తు ప్రకారమే కట్టారు.

నిలబడ్డవాళ్ళంతా మెడలు వెనక్కి విరుచుకుని చూశారు. "అబ్బ, చాలా బాగుంది," అంది డాక్టరమ్మ. "నాకు నచ్చింది. ఒప్పుకున్నట్టే."

మామయ్య మేనకోడలి వైపు కనుబొమలెగరేశాడు. ఆ ఎగరేయడంలో బయటి పనంతా ఉంది.

ఆమె చెప్పులు విడిచి, ఖాళీ మంచం మీద వెల్లకిలా పడుకుంది. తను తీసినదాన్ని తను చూడాల్సినట్టు చూసుకోవాలని. కుడిచేతి వైపు కిటికీ, కిటికీలో నిజమైన కొమ్ముల కొండ. నెత్తిమీది గుడ్డలో కొమ్ముల కొండ ఎడమచేతి వైపు ఉంది. పొడుగు కొమ్ము పొట్టి కొమ్ము చోటికి, పొట్టిది పొడుగుదాని చోటికి వచ్చేశాయి. ఇది ఎవరి చేతి పనో ఆమెకి అడగక్కర్లేకుండానే అర్థమైంది.

నోరు మూసుకుంటే చాలు. డాక్టరమ్మ ఒప్పుకుంది, మామయ్య మాట ఇచ్చాడు, పన్నెండేళ్ళ కోరిక చేతికందింది. నోరు తెరిస్తే ఒప్పుకున్న బొమ్మ కాస్తా కాదనిపించుకుంటుంది, పైగా ఇంతమందిలో మామయ్య తల దించుకోవాలి. ఆమె ఒక్క నిమిషం, నిజంగానే ఒక్క నిమిషం, నోరు మూసుకునే ఉంది.

"ఎలా ఉంది మేస్త్రీ?" అని డాక్టరమ్మ అడిగింది.

"చాలా బాగుందమ్మా," అన్నాడతను మర్యాదగా. కాసేపాగి, "ఏ ఊరి కొండలమ్మా ఇవి?" అన్నాడు.

ముప్ఫై ఏళ్ళు ఆ కొండల మీదే మెట్లు వేసిన మనిషి అడిగిన మాట అది. ఆమె లేచి కూర్చుంది.

"దించేయండి," అంది పనివాళ్ళతో. "ఇది తప్పు బొమ్మ."

"నేను ఒప్పుకున్నాను కదమ్మా?" అంది డాక్టరమ్మ.

"మీరు ఒప్పుకున్నారు, నేను ఒప్పుకోను. ఆయన కొండల్ని ఆయనే గుర్తుపట్టలేకపోతే ఇంక ఇది ఎవరికోసం? కుడి ఎడమలు తారుమారయ్యాయి. సరైనది నా దగ్గర ఉంది. మూడు రోజులివ్వండి."

"తిప్పి కట్టేద్దామా?" అన్నాడు నిచ్చెన మీది పనివాడు. గుడ్డ వెనకవైపు తెల్లగా ఉందని వాడికే గుర్తొచ్చి ఊరుకున్నాడు.

మామయ్య ముందుకొచ్చాడు. "తప్పేమీ లేదు. తప్పుంటే నేనే సరిచేశాను. ఇదిగో పటం." నిజంగానే పటం మడిచి తెచ్చుకున్నాడు. "ఇందులో కొమ్ముల కొండ ఎడమవైపా కాదా? నువ్వే చెప్పు."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనే మనిషితో వాదించి లాభం లేదని ఆమెకు చిన్నప్పుడే తెలుసు. నర్సుని అడిగి పల్చటి కాగితం ఒకటి తీసుకుంది. పటం మీద పరిచి, కొమ్ముల కొండనీ మంచుకొండనీ, ఉత్తరం గుర్తునీ దానిమీద గీసుకుంది.

"మామయ్యా, ఈ మంచం మీద పడుకో."

"నేనా? నాకేం రోగం?"

"పడుకో మామయ్యా."

ఆయన పడుకున్నాడు. రెండు మోకాళ్ళూ చెరొక మాట అన్నాయి. ఆమె ఆ కాగితాన్ని బొమ్మ పైకి ఉండేలా, ఉత్తరం ఉత్తరానికి వచ్చేలా ఆయన మొహం మీద చాచి పట్టింది. కిటికీ వెలుగులో గీతలు కిందివైపుకి కనబడుతున్నాయి.

"కిటికీ ఏ చేతి వైపుంది?"

"కుడి."

"కాగితంలో కొమ్ముల కొండ?"

"...కుడే."

"బల్లమీద ఎడమన ఉన్నదే ఇది. పటం కొండల్ని పైనుంచి చూస్తుంది మామయ్యా. వీళ్ళు కిందినుంచి చూస్తారు. ఇప్పుడు ఆ గుడ్డ చూడు."

కాగితం తీసేసింది. ఆయన చూశాడు. కిటికీ వైపు చూశాడు, మళ్ళీ పైకి చూశాడు. వార్డులో అందరూ నిలబడి ఉన్నారు, ఆయనొక్కడే పడుకుని ఉన్నాడు. ఆమెకు ఆయన్ని చూస్తే జాలేసింది. ఇంతమందిలో ఇలా చేయకుండా ఉండాల్సిందేమో అనిపించింది, కానీ వేరే దారీ కనబడలేదు.

"డాక్టరమ్మా," అన్నాడు పైకే చూస్తూ. "అమ్మాయి సరిగ్గానే తీసింది. పాడుచేసింది నేను. నలభై ఏళ్ళుగా నిలబడే చూస్తున్నాను, పడుకుని చూడాల్సిన అవసరం రాలేదు."

ఆ మూడు రోజులూ ఆయన స్టూడియోలో బయటి పని మాట ఎత్తలేదు. ఆమె కూడా ఎత్తలేదు. ఒప్పుకున్న బొమ్మని తనే కాదంది గనక, పందెం గెలిచిందో ఓడిందో ఆమెకే తెలియలేదు. లోపలి గదిలో తెల్ల తెర ముందు నవ్వకండి, నవ్వకండి అంటూ రోజులు నెట్టింది.

నాలుగోరోజు కొత్త గుడ్డ బిగించారు. ఈసారి డాక్టరమ్మ ఏమీ అనలేదు, మేస్త్రీ మంచం పక్కన స్టూలేసుకుని కూర్చుంది. మేస్త్రీ చాలాసేపు చూశాడు. తల కదల్లేదు, కళ్ళు మాత్రం గుడ్డ అంచు వెంబడి ఒక చుట్టు తిరిగొచ్చాయి. తరవాత చెయ్యి నెమ్మదిగా లేచింది.

"అదుగో, కొమ్ముల కొండ," అన్నాడు. "దాని కింద ఆ తెల్ల గీత, అది నేనేసిన బాటే. మూడో మలుపులో ఒక రాయి కదులుతోందమ్మా. దానిమీదే జారాను. నేను లేచేదాకా ఆగకండి, ఎవరినైనా పంపి దాన్ని ముందు బిగించమనండి."

డాక్టరమ్మ రాసుకుంది. పాస్‌పోర్టమ్మ కళ్ళు తుడుచుకుంది, సిగ్గుపడలేదు.

పక్క మంచం మీద మామయ్య మళ్ళీ పడుకుని ఉన్నాడు. ఈసారి ఎవరూ పడుకోమనలేదు. లేవడానికి మోకాళ్ళు ఒప్పుకోలేదో, చూసింది చాలలేదో గానీ, చేతులు గుండెమీద కట్టుకుని ఆకాశం చుట్టూ ఉన్న కొండల్ని ఒక్కొక్కటే చూసుకుంటున్నాడు. అంతలో ఆయన ఫోను మోగింది. లోయకి అవతల కొత్త వంతెన కడుతున్న ఇంజనీరు, పని మొదలైన దగ్గర్నుంచి పూర్తయ్యేదాకా నెలనెలా ఫోటోలు తీయాలట, రసమట్టంగారు ఎప్పుడు వస్తారని అడుగుతున్నాడు. వార్డు చిన్నది గనక మాటలన్నీ అందరికీ వినబడుతున్నాయి.

"నేను రానండీ," అన్నాడు మామయ్య కొండల మీంచి చూపు తిప్పకుండా. "మా ఫోటోగ్రాఫర్ వస్తారు. ఇక్కడే ఉన్నారు. ఏ రోజు, ఎన్నింటికి అన్నది ఆవిడతోనే మాట్లాడుకోండి."

అని ఫోను పట్టుకున్న చెయ్యి పక్కకి చాచాడు.

ఆమె ఫోను అందుకుంది.

"చెప్పండి," అంది. "ఎండ ఏ వైపు నుంచి పడుతుంది అక్కడ?"